ఏడాది చదువుని వెనక్కి తిరిగి చూసుకునేటప్పుడు

మల్లేశ్వరం,
బెంగళూరు

చిరంజీవి అమ్ములుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఈ ఏడాదంతా హారర్, థ్రిల్లర్లు, అభిమానులు తమకిష్టమైన కథల్లోని పాత్రలతో అల్లుకునే ఫ్యాన్ ఫిక్షనే చదివానని, ఇప్పుడు వాటి గురించి ఏదైనా రాసిపెట్టుకుందామంటే ఏం రాయాలో తోచడం లేదని అన్నావు. ఆఫీసులో అందరూ బరువైన పుస్తకాల పేర్లు చెప్తుంటే "నాదంతా కాలక్షేపం చదువే కదా పెద్దమ్మా" అని కూడా అన్నావు. ఆ మాట నాకు నచ్చలేదు. అందుకే ఫోన్లో తేల్చెయ్యకుండా తీరిగ్గా రాస్తున్నాను. పెళ్ళికి ముందు నుంచీ నేనూ ఇలాంటి పుస్తకాలే చదువుతున్నాను. ఏటా డిసెంబర్‌లో ఆ సంవత్సరపు చదువు గురించి నోటుబుక్కులో రాసుకుంటాను. ఆ అలవాటు నేర్పిందే నీకు చెప్తున్నాను.

ముందు ఆ యాప్ మూసెయ్యి. ఎన్ని పుస్తకాలు, ఎన్ని పేజీలు అని అది చూపించే లెక్క మొదటే చూస్తే నీ ఆలోచన దాని చుట్టూనే తిరుగుతుంది. ఒక తెల్ల కాగితం తీసుకుని, ఏ జాబితా చూడకుండా, గుర్తున్నవి మాత్రమే రాయి. పుస్తకం పేరు గుర్తు రాకపోతే గుర్తున్న దృశ్యం రాయి. మెట్ల కింద తాళం వేసిన గది, పొయ్యిలో ఉత్తరం తగలబెట్టిన అత్తగారు, అలా. ఆ తర్వాత జాబితా తెరిచి రెండూ పక్కపక్కన పెట్టు. ఐదు నక్షత్రాలు ఇచ్చిన పుస్తకంలోంచి ఒక్క ముక్క కూడా కాగితం మీదకి రాకపోవచ్చు. విసుక్కుంటూ ముగించిన దాంట్లోని గది ఒకటి ఇంకా నీ వెంటే ఉండొచ్చు. ఎందుకలా జరిగిందో రాయడం మొదలుపెడితే చాలు, ఏం రాయాలన్న ప్రశ్న మళ్ళీ రాదు.

హారర్ దగ్గర ఎక్కువసేపు ఆగు. "బాగా భయమేసింది" అని రాసి వదిలెయ్యకు. ఎప్పుడు వేసింది? అది కనిపించకముందా, కనిపించాకా? ఆన్ రాడ్‌క్లిఫ్ అనే ఇంగ్లిష్ నవలా రచయిత్రి ఈ సంగతి చాలా లోతుగా ఆలోచించింది. ఆవిడ పోయాక 1826లో అచ్చయిన వ్యాసంలో భయాన్ని రెండు రకాలుగా విడదీసింది. ఏదో రాబోతోందని తెలుస్తూ, అదేమిటో స్పష్టంగా తెలియనప్పుడు కలిగే భయం మనసుని విశాలం చేసి, మనలోని శక్తులన్నిటినీ మేల్కొలుపుతుందంది. ఘోరాన్ని కళ్ళారా చూసినప్పుడు కలిగేది మనసుని ముడుచుకుపోయేలా చేసి గడ్డకట్టిస్తుందంది. నువ్వు చదివిన ఒక్కో పుస్తకం పక్కన ఈ రెండింటిలో ఏదో రాసి చూడు. నాకైతే రక్తం పారిన పేజీలు ఏవీ గుర్తులేవు. తలుపు గొళ్ళెం దానంతటది కదిలిన పేజీలు మాత్రం ఈ వయసులో కూడా గుర్తున్నాయి.

1990ల్లో ఈ ఊళ్ళో ఇళ్ళ తలుపుల మీద "నాళె బా", అంటే కన్నడంలో "రేపు రా", అని రాసుకున్న సంగతి నువ్వు వినే ఉంటావు. మన ఊళ్ళలో "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్నదీ ఇలాంటి భయంతోనే. రాత్రిపూట వచ్చి తలుపు కొట్టే దెయ్యం, మనకి బాగా తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందని ఇక్కడ చెప్పుకునేవాళ్ళు. ఆ కథలో నన్ను వణికించేది ఆ గొంతే. బయట అమ్మ పిలుస్తుంటే తలుపు తియ్యకుండా ఎలా ఉంటాం? మంచి హారర్ మనం దేన్ని ఎక్కువగా నమ్ముతామో వెతికి దాని మీదే చెయ్యి వేస్తుంది. కాబట్టి నిన్ను నిజంగా భయపెట్టిన ప్రతి పుస్తకం దగ్గరా ఇది అడుగు: నేను నమ్మే దేన్ని ఇది కదిలించింది? ఇంటినా, తల్లినా, నా ఒంటినా, స్నేహాన్నా? కొత్త ఊరు, పీజీలో ఒంటరి గది, ఇంటికి దూరం. ఇలాంటి ఏడాదిలో నీ జవాబులన్నీ ఒకే వైపుకి వెళ్తే ఆశ్చర్యపోకు, దాచుకోకు కూడా. ఎవరికీ చూపించనక్కర్లేని కాగితం అది.

నిద్ర పట్టని రాత్రుల గురించీ రాయి. పడుకునే ముందు నువ్వు ఏ రకం కథ ముట్టుకోకూడదో అందులోంచే తెలుస్తుంది. ఒక్కదానివే ఉంటున్నావు కాబట్టి ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం.

మేం తులసిదళం చదివింది వారపత్రికలో, సీరియల్‌గా. ఒక వారం చదివింది మళ్ళీ వారం దాకా నానుతూ ఉండేది. నువ్వు వైట్‌ఫీల్డ్ మెట్రోలో మొదలుపెట్టిన నవల ఆ రాత్రికే ముగించి, మర్నాడు ఇంకోటి అందుకుంటావు. అంత వేగంలో కథలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ముగించిన రోజే రెండు వాక్యాలు రాసిపెట్టుకుంటే వచ్చే డిసెంబర్‌కి ఇంత తడుముకోనక్కర్లేదు.

థ్రిల్లర్లకి ఒక్కటే పరీక్ష చెప్తాను. నచ్చిన వాటిలో రెండు తీసుకుని, హంతకుడెవరో తెలిసిన కళ్ళతో మొదటి మూడు అధ్యాయాలు మళ్ళీ చదువు. నేరస్తుడు కథ మొదట్లోనే కనిపించి ఉండాలని రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లిష్ రచయిత 1929లోనే డిటెక్టివ్ కథలకి నియమం పెట్టాడు. రచయిత ఆ మాత్రం న్యాయం పాటించాడా, లేక చివర్లో ఎవడినో తెచ్చి నిలబెట్టాడా అన్నది అప్పుడు తెలిసిపోతుంది. సినిమా దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బాంబు సంగతి కూడా గుర్తుపెట్టుకో. బల్ల కింద బాంబు ఉందని మనకి తెలియకుండా పేలితే 15 సెకన్ల ఉలికిపాటు. ముందే తెలిస్తే 15 నిమిషాల సస్పెన్స్. ముగింపు తెలిశాక కూడా నీకు టెన్షన్ పుట్టించిన పుస్తకాన్ని దాచుకో, మిగతావి ఎవరికైనా ఇచ్చెయ్.

ఫ్యాన్ ఫిక్షన్ మాట వచ్చేసరికి నీ గొంతు తగ్గిపోయింది. ఎందుకమ్మా తగ్గడం? ఉత్తరకాండలో సీత భూమిలోకి వెళ్ళిపోతుంది. ఎనిమిదో శతాబ్దంలో భవభూతి ఆ ముగింపుతో ఊరుకోలేదు. తన సంస్కృత నాటకం ఉత్తరరామచరితంలో సీతారాముల్ని మళ్ళీ కలిపాడు. మూలకథలో నచ్చని ముగింపుని సరిదిద్దే "ఫిక్స్ ఇట్" కథలు నువ్వు చదువుతావే, అవి చేసే పని అదే. వ్యాసభారతంలో శశిరేఖ లేనే లేదు. అయినా 1957లో మాయాబజార్ వచ్చాక, అభిమన్యుడి పెళ్ళంటే తెలుగువాళ్ళకి ముందు ఆవిడే గుర్తొస్తుంది. నచ్చిన కథలో చాలనిది మనమే రాసుకోవడం మన ఇంట్లో పాత అలవాటు. ఇప్పుడు దానికి బయట కూడా గౌరవం దక్కింది. నువ్వు ఈ కథలు చదివే సైటు, వాలంటీర్లు నడుపుతున్న ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌కి, 2019లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీలకి ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చింది.

ఈ కథల గురించి రాసేటప్పుడు పేర్ల కంటే, అది ఏ రకం కథో చెప్పే ట్యాగుల్ని చూడు. నీ అకౌంట్‌లో హిస్టరీ ఉంటుంది కదా, అది తెరువు. ఏ నెలలో ప్రేమ నెమ్మదిగా ముదిరే స్లో బర్న్ వెతికావు, ఏ నెలలో దెబ్బతిన్నవాళ్ళని ఇంకొకరు ఓదార్చే హర్ట్ కంఫర్ట్ తప్ప ఇంకేదీ చదవలేదు? చచ్చిపోయిన స్నేహితుడు బతికొచ్చే కథలే వరసగా చదివిన రోజులుంటే, మూలకథ నీకు ఏం ఇవ్వలేదో, ఈ కథ ఏం ఇచ్చిందో ఆ రెండూ రాయి. ఏడాది మొత్తంలో నీ గురించి నీకు ఎక్కువ చెప్పేది ఈ పేజీయే అవుతుందని నా నమ్మకం.

సగంలో వదిలేసిన పుస్తకాల్నీ రాయి, ఏ పేజీలో వదిలేశావో గుర్తుంటే అదీ రాయి. తెలుగులో ఎంత చదివావో కూడా చూసుకో. చర్చ్ స్ట్రీట్ పాత పుస్తకాల షాపుల్లో ఇంగ్లిష్ థ్రిల్లర్లు గుట్టలుగా ఉంటాయి, తెలుగువి నాకైతే కనిపించలేదు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు మా అలమరలో ఉన్నాయి, వచ్చి పట్టుకెళ్ళు. గదిలో కూర్చుని రాయబుద్ధి కాకపోతే శనివారం కబ్బన్ పార్కుకి వెళ్ళు. అక్కడ జనం చెట్ల కింద దుప్పట్లు పరుచుకుని, మాటల్లేకుండా చదువుకుంటుంటారు. నిన్నెవరూ పలకరించరు.

ఇంకొక్క పని. నీకు నచ్చిన ఫ్యాన్ ఫిక్షన్ కథలన్నీ ఈ వారమే ఈపబ్‌గా, అంటే ఈ-బుక్ ఫైళ్ళుగా, డౌన్‌లోడ్ చేసి పెట్టుకో. రాసినవాళ్ళు ఎప్పుడు తీసేస్తారో చెప్పలేం. తర్వాత వాళ్ళలో ఒక ముగ్గురికైనా కామెంట్ రాయి. వాళ్ళు డబ్బు తీసుకోకుండా రాసి పెట్టారు, నువ్వు రాత్రుళ్ళు మేలుకుని చదివావు. లైక్ లాంటి ఆ కుడోస్ బటన్ నొక్కేసి ఊరుకోకు. ఏ వాక్యం దగ్గర ఆగిపోయావో ఆ వాక్యం ఎత్తి రాసి, ఎందుకు ఆగావో చెప్పు. కథ సగంలో ఆగి ఏడాది దాటిపోయినా సరే, రాయి. మిగతాది ఎప్పుడని మాత్రం అడగొద్దు.

నీ
పెద్దమ్మ