మూడు గంటలు మాట్లాడితే మనసు విప్పినట్టేనా?

ప్రశ్న: సంస్కృతి, అస్తిత్వం, రాజకీయాలు, సినిమాలు... అన్నింటి మీదా పాడ్‌కాస్ట్‌లు వింటుంటాను. టీవీ చర్చల్లో అరుపులే. ఇక్కడ నాయకులు, నటులు తీరిగ్గా మాట్లాడతారు. మూడు గంటలపాటు ఎవరూ నటించలేరు కాబట్టి అసలు మనిషి బయటపడతాడని నా నమ్మకం. మా తమ్ముడు ఒప్పుకోడు. ఎవరిది రైటు?

జవాబు: మీ తమ్ముడికే ఎక్కువ మార్కులు వేస్తాను. ఏళ్ల తరబడి రేడియోలో ఇంటర్వ్యూలు చేసినవాణ్ని. మైకు అలవాటైన మనిషి మూడు గంటలేం ఖర్మ, రాత్రంతా నటించగలడు. నాయకులకైతే అది వృత్తిలో భాగం. టీవీలో నిమిషంన్నరలో చెప్పేదే ఇక్కడ చిన్ననాటి కథలు కలిపి చెబుతారు, వినేవాళ్లకు చనువు పుడుతుంది. ఈ చనువు గురించి డొనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే పరిశోధకులు 1956లోనే రాశారు. టీవీలో, రేడియోలో తరచూ పలకరించే మనిషి మనకు బాగా తెలిసినవాడే అనిపిస్తాడు, అతనికి మాత్రం మనమెవరో తెలియదు. ఇయర్‌ఫోన్లు వచ్చాక ఆ గొంతు ఏకంగా చెవిలోనే కూర్చుంది.

2024 అక్టోబరులో, అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు, డొనాల్డ్ ట్రంప్ జో రోగన్ అనే పాడ్‌కాస్టర్ దగ్గర దాదాపు మూడు గంటలు కూర్చున్నారు. అదే నెలలో ఆయన ప్రత్యర్థి కమలా హారిస్ 'కాల్ హర్ డాడీ' అనే పాడ్‌కాస్ట్‌కి వెళ్లారు. ఓట్లు కావాల్సినవాళ్లు ప్రచారం మానుకుని ఊరికే కబుర్లకు రారండీ!

అలాగని మీ మాటను కొట్టిపారేయను. 2015 జూన్‌లో కమెడియన్ మార్క్ మారన్ తన పాడ్‌కాస్ట్ కోసం తన గరాజ్‌లో అప్పటి అధ్యక్షుడు ఒబామాతో మాట్లాడింది గంటసేపే. అమెరికాలోని చార్ల్స్‌టన్‌లో ఒక చర్చిలో తొమ్మిదిమంది నల్లజాతివారిని కాల్చి చంపి అప్పటికి రెండు రోజులే. నల్లవారిని కించపరిచే తిట్టుపదాన్ని ఒబామా ఉన్నదున్నట్టు పలికి, నలుగురిలో ఆ మాట అనకపోయినంత మాత్రాన జాతివివక్ష పోయినట్టు కాదన్నారు. ప్రెస్‌మీట్‌లో ఆయన నోట అలా వచ్చేదని నేననుకోను. అక్కడ పనిచేసింది నిడివి కాదు, ఆ గదిలో ఉన్న తీరిక.

నేనైతే రెండో ప్రశ్న కోసం వింటాను. మొదటిది ఎవరైనా వేస్తారు. అతిథి "మా వాళ్లను ఎప్పుడూ తొక్కేశారు" అన్నారనుకోండి, "ఎవరు? ఎప్పుడు? ఎలా?" అని అడిగారా, "వావ్" అనేసి ఇంకో టాపిక్‌లోకి దూకారా? సినిమా విడుదలకు ముందు నటులతో వచ్చే ఎపిసోడ్లలో రెండో ప్రశ్న కోసం వెతక్కండి, అవి ప్రచారం, సరదాకి వినండి. అస్తిత్వం మీద చర్చ అయితే ఇంకొకటి కూడా గమనిస్తాను: ఒక వర్గం నుంచి ఒక్కరిని పిలిచి, మొత్తం వర్గం తరఫున ఆ ఒక్కరి చేతే జవాబు చెప్పిస్తున్నారా అని. ఆ బరువు మోయలేక తడబడినవాళ్లను నా మైకు ముందే చూశాను.

ప్రశ్న: టైమ్ చాలక రెట్టింపు వేగంతో వింటాను. నష్టమేమైనా ఉందా?

జవాబు: వార్తలకు పర్వాలేదు, సంభాషణకు వద్దు. కొన్ని యాప్‌లు మాటల మధ్య ఖాళీని కూడా కత్తిరించేస్తాయి, ఆ సెట్టింగ్ ఆపేయండి. ఇరకాటంలో పెట్టే ప్రశ్న పడ్డాక అతిథి ఎంతసేపు ఆగారన్నది కూడా జవాబులో భాగమే. ఎడిటింగ్‌లో వాళ్లే తీసేసి ఉంటే మాత్రం మనం చేయగలిగింది లేదు.