‘కెపాసిటీ లేదు’ అంటే తెలుగులో ఏమని చెప్పాలి?

సందేహం: మేం ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. మా అత్తగారికి 80 దాటాయి, డిమెన్షియా మొదలైంది. కౌన్సిల్ (ఇక్కడి స్థానిక ప్రభుత్వ సంస్థ) నుంచి సోషల్ వర్కర్ వచ్చినప్పుడల్లా ఆవిడ మాటల్ని నేనే అత్తయ్యకు తెలుగులో చెప్పాలి. మొన్న ఆవిడ ‘కెపాసిటీ లేదు’ అంటే, నేను ‘మీకు సామర్థ్యం లేదంటున్నారు అత్తయ్యా’ అన్నాను. అత్తయ్య చాలా నొచ్చుకున్నారు. ఇచ్చిన కాగితాల నిండా ఎల్‌పీఏ, డోల్స్, సీహెచ్‌సీ లాంటి పొడి అక్షరాలే. వీటికి తెలుగు మాటలున్నాయా, అలాగే వాడుకోవాలా? రాసేటప్పుడు మధ్యలో చుక్కలు పెట్టాలా?

సమాధానం: నిఘంటువు చూస్తే కెపాసిటీకి సామర్థ్యం అనే ఉంటుంది. అయినా మీ అత్తగారు నొచ్చుకోవడంలో న్యాయముంది. తెలుగులో ఒక మనిషిని పట్టుకుని ‘సామర్థ్యం లేదు’ అంటే ‘నీకు చేతకాదు’ అన్నట్టే వినిపిస్తుంది. సోషల్ వర్కర్ ఉద్దేశం అది కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం ఉంది. దాని ప్రకారం కెపాసిటీని ఒక్కో నిర్ణయానికి విడివిడిగా, ఆ నిర్ణయం తీసుకోవాల్సిన సమయంలో చూడాలి. చెప్పింది అర్థం చేసుకోవడం, తేల్చుకునేంతసేపు గుర్తుంచుకోవడం, మంచిచెడ్డలు బేరీజు వేసుకోవడం, తన మాట ఎలాగోలా తెలియజేయడం: మెదడుకు సంబంధించిన ఇబ్బంది వల్ల వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా ఆ నిర్ణయం వరకు కెపాసిటీ లేదంటారు. ఇవాళ ఇడ్లీ కావాలో ఉప్మా కావాలో చక్కగా చెప్పగల మనిషికి ఊళ్లో ఇల్లు అమ్మే సంగతి తేల్చుకోవడం కుదరకపోవచ్చు. పొద్దున అయోమయంగా ఉన్నవాళ్లు సాయంత్రానికి తేటగా మాట్లాడొచ్చు.

కాబట్టి ఇక్కడ అసలు ఇబ్బంది ‘లేదు’ అనే క్రియతో. ‘సామర్థ్యం లేదు’ అంటే ఎప్పటికీ, దేనికీ లేదనే అర్థం వస్తుంది. ‘ఇల్లు అమ్మే విషయం ఇప్పుడు మీ అంతట మీరు తేల్చుకోలేకపోతున్నారని వాళ్లకు అనిపిస్తోంది అత్తయ్యా’ అని చెప్పి చూడండి. ఏ విషయమో, ఎప్పుడో, ఎవరి అభిప్రాయమో మూడూ వాక్యంలోకి వచ్చేస్తాయి. ‘తేల్చుకోలేకపోతున్నారు’లో ఇప్పటి ఇబ్బంది మాత్రమే ఉంది, మనిషి మీద తీర్పు లేదు. ‘మతిస్థిమితం లేదు’ అన్న మాట మాత్రం దయచేసి ఎప్పుడూ వాడకండి.

ఇంకో సంగతి కూడా మీకు తెలియాలి. అదే చట్టం ప్రకారం, కెపాసిటీ లేదని తేలేదాకా ఉన్నట్టే లెక్క. తేల్చే ముందు ఆ మనిషికి అర్థమయ్యేలా చెప్పడానికి వీలైన ప్రయత్నాలన్నీ చేసి ఉండాలి. ఇంగ్లిష్ రాకపోవడం కెపాసిటీ లేకపోవడం కాదు. అందుకని తెలుగు దుబాసీని ఏర్పాటు చేయమని మీరు అడగొచ్చు. ఇల్లూ డబ్బూ లాంటి విషయాలైతే తప్పకుండా అడగండి. కోడలి నోటి నుంచి వచ్చిన ‘లేదు’కూ, బయటి మనిషి నోటి నుంచి వచ్చిన ‘లేదు’కూ ఇంట్లో ఎంత తేడా ఉంటుందో మీరిప్పటికే చూశారు.

ఇక పొడి అక్షరాల కన్నా ముందు, మనకు తెలుసనుకునే మాటల గురించి చెప్పాలి. తెలియని మాట వినిపిస్తే మనం ఆగి అడుగుతాం. తెలిసినట్టున్న మాట దగ్గర ఆగం, అక్కడే పొరపాటు జరుగుతుంది.

నర్సింగ్ హోమ్ అన్న మాటే తీసుకోండి. మన ఊళ్లలో నర్సింగ్ హోమ్ అంటే ప్రైవేటు ఆసుపత్రి. కాన్పుకో ఆపరేషన్‌కో వెళ్లి, నాలుగు రోజులుండి, డిశ్చార్జి అయి వచ్చేస్తాం. ఇంగ్లండ్‌లో నర్సింగ్ హోమ్ అంటే నర్సులు రాత్రింబవళ్లు అందుబాటులో ఉండే నివాసం. అక్కడికి వెళ్లినవాళ్లు సాధారణంగా అక్కడే ఉండిపోతారు. ‘అత్తయ్యా, మిమ్మల్ని నర్సింగ్ హోమ్‌లో చేర్పిద్దామంటున్నారు’ అంటే ఆవిడ సంతోషంగానే తలూపుతారు, వారంలో ఇంటికి రావచ్చనుకుని. అది ఒప్పుకోలు కాదు. అలాగని వృద్ధాశ్రమం అంటే దిక్కులేనివాళ్ల చోటు అనిపించి మనసు విరిగిపోతుంది. ‘అక్కడే ఉండాలి, రాత్రీ పగలూ నర్సులు చూసుకుంటారు, మేం వచ్చి వెళ్తుంటాం’ అని విడమరిచి చెప్పడమే మేలు. నర్సులు లేకుండా సహాయకులు మాత్రమే ఉండేదాన్ని రెసిడెన్షియల్ హోమ్ అంటారు. ఈ రెంటికీ కలిపి వాడే పేరు కేర్ హోమ్.

కేరర్ అన్న మాటా అంతే. జీతానికి వచ్చి చూసుకునే మనిషి అని మనవాళ్లు అనుకుంటారు, మామూలు మాటల్లో ఇంగ్లిషువాళ్లూ అలా వాడతారు. కానీ 2014 నాటి కేర్ చట్టంలో కేరర్ అంటే జీతం లేకుండా మరొకరిని చూసుకునేవాళ్లు. అంటే మీరే. జీతానికి పనిచేసే వ్యక్తి కేర్ వర్కర్. ‘కేరర్స్ అసెస్‌మెంట్’ చేస్తామని ఉత్తరం వస్తే, మీరు అత్తగారిని సరిగ్గా చూస్తున్నారో లేదో తనిఖీ చేస్తారని టెన్షన్ పడకండి. ఈ బాధ్యత వల్ల మీ ఆరోగ్యం, నిద్ర, ఉద్యోగం ఏమవుతున్నాయో, మీకేం సాయం కావాలో కనుక్కోవడం అది. చాలామంది తెలుగు కోడళ్లు ‘నాకేం ఇబ్బంది లేదండీ’ అని మర్యాదకు చెప్పి పంపించేస్తారు. అలా చెప్పకండి.

మానసిక ఎదుగుదలలో లోపం ఉన్న పెద్దవాళ్లను చూసుకునే కుటుంబాలకు ఎల్‌డీ అన్న మాట తగులుతుంది. మన దేశంలో లెర్నింగ్ డిసేబిలిటీ అంటే చదవడంలో, రాయడంలో, లెక్కల్లో వచ్చే ఇబ్బంది. బ్రిటన్‌లో అదే మాటకు అర్థం మేధో వైకల్యం. చదువు ఇబ్బందిని అక్కడ లెర్నింగ్ డిఫికల్టీ అంటారు.

ఇప్పుడు మీ కాగితాల్లోని పొడి అక్షరాలు. వీటికి తెలుగు పేర్లు కల్పించడం వల్ల మీకు లాభం లేదు. కౌన్సిల్‌కు ఫోన్ చేసినప్పుడు అవతలివాళ్లకు తెలియాల్సింది ఆ అక్షరాలే. మన దగ్గర ‘సదరం సర్టిఫికెట్’ లేదా? అది ఒక పొడవాటి ఇంగ్లిష్ పేరుకు పొడి రూపం. విప్పి చెప్పమంటే చాలామందికి రాదు, కానీ వికలాంగుల పింఛనుకు కావాల్సిన కాగితమని ఊరంతటికీ తెలుసు. అక్షరాల్ని అలాగే ఉంచి, దాంతో ఏం జరుగుతుందో తెలుగులో పూర్తి వాక్యంగా చెప్పండి.

ఎల్‌పీఏను (లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ) మన జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, మన తరఫున వ్యవహరించే అధికారం ఇంకొకరికి ఇచ్చే కాగితం) అనుకోవద్దు. మన దేశ కాంట్రాక్టు చట్టం ప్రకారం, అధికారమిచ్చిన మనిషికి మతి తప్పితే జీపీఏ చెల్లదు. ఎల్‌పీఏ సరిగ్గా ఆ రోజు కోసమే రాసుకునేది. ఇందులో రెండు రకాలు: ఆస్తి, డబ్బు వ్యవహారాలకు ఒకటి, ఆరోగ్యం, సంరక్షణలకు ఒకటి. పబ్లిక్ గార్డియన్ కార్యాలయంలో రిజిస్టర్ చేయాలి. ఆరోగ్యానికి సంబంధించింది, ఆ మనిషి సొంతంగా తేల్చుకోలేని స్థితి వచ్చాకే పనిచేస్తుంది. డిమెన్షియా ఉందన్నంత మాత్రాన ఇక రాయకూడదని లేదు. ఏం రాస్తున్నారో మీ అత్తగారికి ఇప్పుడు అర్థమైతే ఇప్పటికీ రాయొచ్చు. ‘నాకు చేతకాని రోజు వస్తే నా తరఫున వీళ్లు నిర్ణయం తీసుకోవాలి’ అన్న ఒక్క వాక్యం చాలు ఆవిడకు.

డోల్స్ (డిప్రివేషన్ ఆఫ్ లిబర్టీ సేఫ్‌గార్డ్స్) ఎక్కువ భయపెట్టే మాట. ‘అత్తయ్య మీద డోల్స్ పెట్టారు’ అని తెలుగులో అనేస్తే కేసు పెట్టినట్టే ఉంటుంది. కేర్ హోమ్‌లోనో ఆసుపత్రిలోనో ఉన్న మనిషిని ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండాల్సి వచ్చి, బయటికి వెళ్లిపోనివ్వకుండా ఆపాల్సి వచ్చి, దానికి ఒప్పుకునే స్థితిలో ఆ మనిషి లేనప్పుడు, కేర్ హోమ్‌ గానీ ఆసుపత్రి గానీ ఇష్టమొచ్చినట్టు ఆపకూడదు, అనుమతి తెచ్చుకోవాలి. ఇంగ్లండ్‌లో ఆ అనుమతి కౌన్సిల్ ఇస్తుంది. ఒకసారి ఇస్తే ఏడాదికి మించి చెల్లదు. దాన్ని కోర్టులో ప్రశ్నించే హక్కు కూడా ఉంది. కాబట్టి ‘మీద పెట్టారు’ అనకుండా ‘అత్తయ్యను ఆపి ఉంచడానికి వాళ్లు అనుమతి తీసుకున్నారు’ అనండి. అడ్డు కట్టింది ఎవరికో అప్పుడు తెలుస్తుంది.

సేఫ్‌గార్డింగ్ అంటే రక్షణ అనేయొచ్చు గానీ, అలా అంటే వాచ్‌మన్ గుర్తొస్తాడు. పెద్దవయసు మనిషిని ఎవరైనా కొట్టడం, తిట్టడం, డబ్బు లాక్కోవడం, పట్టించుకోకుండా వదిలేయడం జరుగుతోందేమోనని అనుమానం వస్తే కౌన్సిల్ కనుక్కుని తీరాలి. ‘విచారణ’ అంటే పోలీసు స్టేషన్ గుర్తొస్తుంది. ‘ఆరా తీస్తున్నారు’ దీనికి సరిగ్గా సరిపోతుంది.

సీహెచ్‌సీ (కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్) డబ్బుకు సంబంధించింది. ఇంగ్లండ్‌లో ఆసుపత్రి వైద్యం ఉచితం, సోషల్ కేర్ (రోజువారీ పనుల్లో సాయం, సంరక్షణ) మాత్రం ఆస్తిపాస్తులు చూసి ఇస్తారు. మీ అత్తగారి ఆస్తిలో లెక్కలోకి వచ్చేది 23,250 పౌండ్లు దాటితే కేర్ హోమ్ ఖర్చు ఆవిడదే. మనిషి అవసరం ప్రధానంగా ఆరోగ్యానిదే అని తేలితే ఆ ఖర్చంతా ఎన్‌హెచ్ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ) భరిస్తుంది. అదే సీహెచ్‌సీ.

మీరు అడగలేదు గానీ డీఎన్ఏసీపీఆర్ అనే కాగితం ఏదో ఒక రోజు మీ ముందుకు రావచ్చు. ‘ఇక వైద్యం వద్దని రాశారు’ అని ఇంట్లో చెప్పకండి. అది తప్పు. గుండె ఆగిపోతే ఛాతీ మీద నొక్కి, షాకిచ్చి మళ్లీ కొట్టుకునేలా చేసే ప్రయత్నం చేయవద్దన్నంత వరకే దాని అర్థం. యాంటీబయాటిక్, సెలైన్, నొప్పి మందు, తిండి అన్నీ యథావిధిగా ఉంటాయి. మన ఆసుపత్రుల్లోలాగా కుటుంబం సంతకం పెట్టాల్సిన కాగితమూ కాదిది. నిర్ణయం డాక్టర్లదే. కానీ ఆ ముందు మీ అత్తగారితో, ఆవిడకు కుదరకపోతే మీతో మాట్లాడాలి.

మందుల పట్టికలో పీఆర్ఎన్ అని ఉంటే ‘అవసరమైనప్పుడు మాత్రమే’ అని. రోజూ వేసేది కాదు.

చుక్కల సంగతి: ఇప్పటి పత్రికల వాడుకలో చుక్కలు దాదాపు పోయాయి. అక్షరం అక్షరం పలికేవాటిని పలికినట్టే దీర్ఘాలతో కలిపి రాయండి: సీక్యూసీ (కేర్ హోమ్‌లను తనిఖీ చేసే సంస్థ), సీహెచ్‌సీ. మాటలా పలికేదాన్ని మాటలాగే రాయండి: డోల్స్. విభక్తులు నేరుగా అతికించవచ్చు: ఎల్‌పీఏను, సీక్యూసీకి. డోల్స్ చివర ‘స్’ ఉంది కదా అని వెనకాడక్కర్లేదు, బస్ ‘బస్‌కు’ అయినట్టే ‘డోల్స్‌కు’ అనొచ్చు. ‘డోల్స్‌లు’ అని మళ్లీ బహువచనం మాత్రం చేయకండి.