మీరు అడిగారు: శిమిలిగుడ స్టేషను ఎవరి కోసం?

ప్రశ్న: ఈమధ్య పిల్లలతో కలిసి విశాఖపట్నం నుంచి కిరండూల్ ప్యాసింజర్లో అరకు వెళ్లాము. బొర్రా గుహలు దాటాక శిమిలిగుడలో బండి చాలాసేపు ఆగిపోయింది. బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల) మార్గాల్లో దేశంలోకెల్లా ఎత్తైన స్టేషను ఇదేనని మా నాన్నగారు అన్నారు. ఇప్పటికీ అది నిజమేనా? పట్టుమని పదిమంది దిగని చోట స్టేషను ఎందుకు కట్టినట్టు?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ నాన్నగారి మాట ఒకప్పుడు నిజమే. సముద్ర మట్టానికి 996.32 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడకు ఆ పేరు చాలా ఏళ్లు నిలిచింది. 2008లో కాశ్మీరు లోయలో బ్రాడ్‌గేజ్ బండ్లు తిరగడం మొదలయ్యాక చేజారింది. అక్కడి ఖాజీగుండ్ 1,700 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. గేజ్ పట్టింపు లేకుంటే డార్జిలింగ్ బొమ్మ రైలు ఆగే ఘూమ్ (2,258 మీటర్లు) అన్నిటినీ మించుతుంది.

ఇక రెండో ప్రశ్న. బస్తరులోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికి 1960లలో వేసిన కొత్తవలస-కిరండూల్ మార్గమిది. సుమారు 446 కిలోమీటర్ల ఈ దారిని సింగిల్ లైనుగా వేశారు కనుక, ఎదురెదురుగా వచ్చే బండ్లు ఒకదానికొకటి దారి ఇచ్చుకోవడానికి కొండల నడుమ కూడా అదనపు లైన్లున్న స్టేషన్లు తప్పనిసరి అయ్యాయి. అవి ఎక్కడ ఉండాలన్నది ఊళ్ల జనాభాను బట్టి కాక బండ్ల రాకపోకల అవసరాన్ని బట్టి తేలింది. మీ బండి ఆగడానికి కారణం కూడా బహుశా ‘క్రాసింగ్ పడటమే’ అయి ఉంటుంది. డబ్లింగు (రెండో లైను వేసే) పనులు పూర్తయిన మేరకు ఈ నిరీక్షణ తగ్గవలసిందే. అయితే, ఆ కాసేపు చల్లగాలిలో ప్లాట్‌ఫారం మీద నిలబడటం శిక్ష అని నేను అనుకోను.

ఈసారి బండి ఆగినప్పుడు పక్క లైనులో వెళ్లే గూడ్సును పిల్లలకు చూపించండి. ఖనిజం నింపుకొన్న పెట్టెలు సముద్రం వైపు దిగుతాయి, ఖాళీవి కొండ ఎక్కుతాయి. నింపినవి కూడా సగం వెలితిగానే కనబడతాయి. అది చూసి ఎవరో దారిలో దించుకున్నారని పిల్లలు అనుకోవచ్చు. ఇనుప ఖనిజం అంత బరువు కాబట్టి, పెట్టె నిండకముందే అది మోయగల బరువు నిండిపోతుంది.