నియాసిన్ మొదలుపెట్టాక నాన్నగారి షుగర్ పెరిగింది, కారణం అదేనా?

అదే అయ్యే అవకాశం గట్టిగా ఉందండి. మీ నాన్నగారికి షుగర్ బోర్డర్‌లో ఉందని, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలోని ఒక రకం కొవ్వు) తగ్గుతాయని ఎవరో చెబితే రెండు నెలలుగా రోజుకు 1000 మిల్లీగ్రాముల నియాసిన్, అంటే విటమిన్ బి3, వేసుకుంటున్నారని, పరగడుపు షుగర్ 108 నుంచి 129కి వెళ్లిందని, ఇంట్లో అందరూ అమ్మ వంటను తప్పుపడుతున్నారని రాశారు. ఆ చివరి మాట చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. మా ఇంట్లో కూడా అచ్చం ఇదే జరిగింది.

మాది నెల్లూరు, ఇరవై ఏళ్లుగా చెన్నైలో, విల్లివాక్కంలో ఉంటున్నాం. నాకు 51 ఏళ్లు. రెండేళ్ల కిందట రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్స్ 286, మంచి కొలెస్ట్రాల్ 34 వచ్చాయి. మూడు నెలల సగటు షుగర్ (HbA1c పరీక్ష) 5.9 శాతం. డాక్టర్ గారు మందులేమీ రాయలేదు, నడవమన్నారు, తీపి మానేయమన్నారు. ఆ నెలలోనే మా బావమరిది అమెరికా నుంచి వస్తూ నియాసిన్ సీసాలు రెండు తెచ్చాడు. 'విటమినే కదా బావా, మందు కాదు' అన్నాడు. ప్రేమతోనే తెచ్చాడు. నేనూ విటమిన్ అనే మాటకే ధైర్యపడి ఎవరినీ అడగలేదు. రోజుకు ఒక 500 మాత్రతో మొదలుపెట్టి, నెల తిరిగేసరికి మూడింటికి వచ్చాను.

మొదటి వారమే ఒకరోజు విల్లివాక్కం స్టేషన్ ప్లాట్‌ఫారం మీద ఉండగా చెవులు వేడెక్కాయి. నిమిషంలో ముఖం, మెడ, ఛాతీ మిరపకాయ పూసినట్టు మంట. సెల్ఫోన్ అద్దంలో చూసుకుంటే ఎర్రగా కందిపోయి ఉన్నాను. బీపీ ఏమోనని టెన్షన్‌తో బెంచీ మీద కూర్చుండిపోయాను, రెండు లోకల్ రైళ్లు వెళ్లిపోయాయి. నియాసిన్‌తో అది మామూలేనని, చర్మం కింది రక్తనాళాలు విప్పారడం వల్ల వస్తుందని తర్వాత తెలిసింది. మంట పైకి కనిపించింది కాబట్టి దాని గురించి కంగారుపడ్డాను. షుగర్ మాత్రం చప్పుడు లేకుండా పెరుగుతూ పోయింది.

మూడో నెలకు పరగడుపు షుగర్ 104 నుంచి 131 అయింది, సగటు 6.6. ఇంకేముంది, ఇంట్లో అందరి చూపూ మా ఆవిడ వంట మీద పడింది. నేను కూడా అన్నాను, 'నీ అన్నమే నా కొంప ముంచుతోంది' అని. ఆమె ఒక్కమాట అనకుండా మర్నాటి నుంచి రాత్రిపూట అన్నం మానేసి రాగి సంగటి, కొర్రలు మొదలుపెట్టింది. నాలుగు ఇడ్లీలు రెండయ్యాయి. అయినా మిషన్‌లో అంకె దిగలేదు. ఒకరోజు పొద్దున్న స్ట్రిప్ మీద 134 చూసి ఆమె వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది. అది తలుచుకుంటే నాకిప్పటికీ బాధగా ఉంటుంది.

మళ్లీ డాక్టర్ గారి దగ్గరికి వెళితే ఆయన తిండి గురించి అడగనే లేదు. 'వేరె ఏదావదు మాత్తిరై సాప్పిడరీంగళా?' అన్నారు, వేరే మాత్రలేమైనా వేసుకుంటున్నారా అని. విటమిన్ ఒకటి అన్నాను. సీసా తెమ్మన్నారు. ఇంటికి వచ్చి మా అమ్మాయి దాని వెనకాల చీటీ చదివింది: ఒక్క మాత్రలో రోజువారీ అవసరానికి 3125 శాతం. మనిషికి రోజుకు కావలసింది దాదాపు 16 మిల్లీగ్రాములు. నేను మింగుతున్నది 1500.

ఇది నిజంగా అవసరమైన విటమినే, అందులో సందేహం లేదు. ఇది అందకపోతే చర్మాన్ని, కడుపును, మెదడును దెబ్బతీసే పెల్లాగ్రా అనే జబ్బు వస్తుంది. ఎక్కువగా జొన్నల మీదే బతికిన దక్కన్ పల్లెల్లో ఆ జబ్బు ఉండేది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్ బృందం దాని మీద ఎంతో పనిచేసింది. కానీ మిల్లీగ్రాముల్లో విటమిన్‌గా ఉన్నది గ్రాముల్లోకి వెళ్లేసరికి పూర్తిగా మందైపోతుంది. మందుకు ఉండే గుణమూ దోషమూ రెండూ దానికి వస్తాయి.

షుగర్ ఎందుకు పెరుగుతుందో డాక్టర్ గారు చెప్పింది నాకు అర్థమైనట్టు చెబుతాను. నియాసిన్ మొదట ఒంట్లోని కొవ్వు కణాలకు తాళం వేస్తుంది, కొవ్వు రక్తంలోకి రాదు. కొన్ని గంటలకు ఆ పట్టు సడలగానే ఆగిన కొవ్వంతా ఒక్కసారిగా రక్తంలోకి వస్తుంది. అప్పుడు కండరాలు ఆ కొవ్వునే ఖర్చు పెట్టుకుంటాయి, చక్కెరను సరిగ్గా లోపలికి తీసుకోవు. ఇన్సులిన్ పిలిచినా పలకవు. ఇన్సులిన్ తయారుచేసే ప్యాంక్రియాస్ గ్రంథి గట్టిగా ఉన్నవాళ్లలో అది ఇంకాస్త ఇన్సులిన్ పోసి సర్దుకుంటుంది. నాలాగా, మీ నాన్నగారిలాగా అంచున ఉన్నవాళ్లలో ఆ సర్దుబాటుకు బలం చాలదు.

ఇది ఎవరికో ఒకరికి జరిగే వింత కాదు. 2014లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో 25,000 మందికి పైగా ఉన్నారు, బ్రిటన్, స్కాండినేవియా, చైనా వాళ్లు. సగం మందికి మామూలు కొలెస్ట్రాల్ మందుతో పాటు రోజుకు 2 గ్రాముల నియాసిన్, దాని మంట తగ్గించే మందుతో కలిపి ఇచ్చారు. దాదాపు నాలుగేళ్లు చూస్తే, షుగర్ లేనివాళ్లలో కొత్తగా వచ్చినవాళ్లు నియాసిన్ వైపు నూటికి 5.7, రెండో వైపు 4.3. అప్పటికే షుగర్ ఉన్నవాళ్లలో అదుపు తప్పడం ఇంకా ఎక్కువ. ఇంతా చేసి గుండెపోట్లు, పక్షవాతాలు చెప్పుకోదగ్గంతగా తగ్గనే లేదు. నన్ను ఆలోచింపజేసింది ఈ చివరి సంగతే. నా ట్రైగ్లిజరైడ్స్ 190కి దిగిన మాట నిజం, నేను దాన్నే చూసి మురిసిపోయాను. కానీ కాగితం మీద అంకె తగ్గడం వేరు, గుండెకు మేలు జరగడం వేరు.

డాక్టర్ గారు చెప్పాక ఆపేశాను. ఐదు వారాలకు పరగడుపు 109. మూడు నెలలకు సగటు 6.0. అన్నం కొలత మాత్రం తగ్గించే ఉంచాం, రోజూ అన్నానగర్ టవర్ పార్కులో నలభై నిమిషాలు నడుస్తున్నాను. ట్రైగ్లిజరైడ్స్ ఇప్పుడు 205. అందుకోసం ఏం చేయాలో ఆయనే చూస్తున్నారు.

బి కాంప్లెక్స్ కూడా ఆపాలా అని అడిగారు. మన మెడికల్ షాపుల్లో దొరికే బి కాంప్లెక్స్‌లో సాధారణంగా ఉండేది నికోటినమైడ్. ఇదే విటమిన్‌కు రెండో రూపం. అది కొలెస్ట్రాల్‌ను తగ్గించదు, ముఖం మండించదు, మోతాదు కూడా చాలా చిన్నది. వేరుశనగలు, చేపలు, కోడిమాంసంలో ఉండే నియాసిన్‌తోనూ భయం లేదు. మీరు చూడాల్సింది వందల మిల్లీగ్రాముల్లో ఉన్న నియాసిన్ లేదా నికోటినిక్ యాసిడ్. కొన్ని కొలెస్ట్రాల్ మాత్రల్లో కలిపి కూడా ఉంటుంది, జిమ్ పొడుల్లోనూ ఉంటుంది, చీటీ మొత్తం చదవండి.

నాన్నగారికి అది ఏ డాక్టరైనా రాసి ఉంటే మీ అంతట మీరు ఆపకండి, ఫోన్ చేసి ఈ అంకెలు చెప్పి అడగండి. తనంతట తాను వేసుకుంటున్నదైతే సీసా పట్టుకుని ఈ వారమే చూపించండి. ఈ మోతాదులో లివర్‌కు, యూరిక్ యాసిడ్‌కు కూడా ఇబ్బంది రావచ్చు, ఆ పరీక్షలు కావాలేమో కూడా అడగండి. ఇంట్లో పరగడుపున, తిన్న రెండు గంటలకు చూసి తేదీతో రాసిపెట్టండి. మా అమ్మాయి అలా రాసిన నోటుబుక్కులో నేను మాత్ర పెంచిన తేదీ, షుగర్ పెరిగిన తేదీ పక్కపక్కనే కనబడ్డాయి. ఆపాక సగటు షుగర్ పరీక్ష మాత్రం వెంటనే చేయించకండి, పాత నెలల షుగర్ ఇంకా అందులో ఉంటుంది, మూడు నెలలు ఆగండి. ఈలోగా అమ్మగారిని ఎవరూ ఏమీ అనకుండా చూడండి.