ఆటను పాఠం చేయకు

చి. ల. సౌ. మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. బాబుకు వచ్చే నెలలో నాలుగేళ్ళు నిండుతాయనీ, సాయంత్రాలు అబాకస్‌కు పంపాలో, చదరంగం శిక్షణలో చేర్చాలో, లేక మెదడుకు పదును పెడతాయని పెట్టె మీద రాసి అమ్మే ఆటవస్తువులు కొని ఇంట్లోనే కూర్చోబెట్టాలో తేలడం లేదనీ రాశావు. ముప్పై నాలుగేళ్ళు ప్రాథమిక పాఠశాలలో పనిచేసినదాన్ని కాబట్టి నేను తేల్చి చెబుతానని నీ నమ్మకం. తేల్చే చెబుతున్నాను: ఈ మూడింటిలో ఏదీ వద్దు. సాయంత్రం రెండు గంటలు వాడికి వదిలిపెట్టు. ఆ రెండు గంటల్లో ఏం నేర్చుకున్నావని మాత్రం అడగకు.

ఇలా చెప్పే అర్హత నాకు ఒక పొరపాటు వల్ల వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పిల్లలు మధ్యాహ్న విరామంలో వరండాలో వామనగుంటలు ఆడుకోవడం చూసి, లెక్కలు నేర్పడానికి ఇంతకంటె మంచి సాధనం లేదని సంబరపడ్డాను. రెండు వరుసల్లో ఏడేసి గుంటలున్న ఆ పీట ముందు నేనూ చతికిలబడి, ఈ గుంటలో గింజలెన్ని, ఆ గుంటలోవి కలిపితే ఎన్ని అని ప్రతి ఎత్తుకూ ప్రశ్న వేశాను. వారం తిరిగేసరికి పీట దగ్గర ఎవరూ లేరు. పిల్లలు వేపచెట్టు కిందికి మకాం మార్చి మట్టిలోనే గుంటలు తవ్వుకున్నారు. దూరంగా నిలబడి గమనిస్తే అప్పుడు తెలిసింది. చేతిలోని చింతగింజలు పంచుకుంటూ పోతే చివరి గింజ ఎక్కడ పడుతుందో, దాని పక్క గుంట ఖాళీయో కాదో, గింజలు ఎత్తకముందే కళ్ళతో కొలుచుకుని, లాభం లేదనిపిస్తే వేరే గుంట ఎత్తుకుంటున్నారు. నేను వాళ్ళను కూడిక అడుగుతున్నాను, వాళ్ళు అప్పటికే నాలుగు ఎత్తులు ముందున్నారు.

నీ కొడుకు వయసుకు వామనగుంటలకన్నా ముఖ్యమైనది ఉత్తుత్తి ఆట. పోయిన వేసవిలో మీరు ఇక్కడికి వచ్చినప్పుడు, అన్నం ముందు రెండు నిమిషాలు కుదురుగా కూర్చోలేని మీవాడు, తాను వాచ్‌మన్‌నని చెప్పి చీపురుకట్ట భుజాన పెట్టుకుని పెరటి గుమ్మం దగ్గర ఎంతసేపు కదలకుండా నిలబడ్డాడో నీకు గుర్తుండే ఉంటుంది. రష్యా మనస్తత్వ శాస్త్రవేత్త లెవ్ వైగోట్‌స్కీ 1933లో ఆట గురించి చేసిన ప్రసంగంలో వివరించినది ఇదే: ఉత్తుత్తి ఆటలోనూ నియమం ఉంటుంది, దానికి లోబడి ఉండడంలోనే పిల్లలకు సంతోషం ఉంటుంది, అందువల్ల మామూలు వేళల్లో వయసుకు మించినదనిపించే నిగ్రహం ఆటలో వాళ్ళకు సాధ్యమవుతుంది. కర్ర గుర్రమైనప్పుడు, చీపురు తుపాకీ అయినప్పుడు, కంటికి కనిపించే వస్తువు నుంచి దాని అర్థం విడివడుతుంది. పలక మీది వంకరగీతను ‘అ’ అని చదవడానికి కావలసిన శక్తి కూడా అటువంటిదే కాబట్టి, బాబు బస్సు కండక్టరై ఎండుటాకులను టిక్కెట్లుగా చింపి ఇస్తున్నంతసేపూ వాడి చదువు ఆగిపోయిందని బెంగపడకు.

తోటిపిల్లల సంగతి కొంచెం వివరంగా రాయాలి. మీ అపార్ట్‌మెంట్‌లో పెద్ద పిల్లలు వీణ్ణి కలుపుకోరని భయపడుతున్నావు. పంటలు వేసుకుని దొంగ ఎవరో తేల్చుకోవడం దగ్గర నుంచి, తొండి చేసినవాణ్ణి నిలదీయడం, అలిగి వెళ్ళినవాణ్ణి బతిమాలి తెచ్చుకోవడం, ఆడేవాళ్ళు తగ్గితే నియమాలు మార్చుకోవడం దాకా, పిల్లలు తమంతట తాము నడుపుకునే వ్యవహారం చాలా పెద్దది. ‘ఆటలో అరటిపండు’ అన్న మాటను పెద్దవాళ్ళం వెటకారానికి వాడుకుంటున్నాం గాని, అందులో ఎంత మర్యాద ఉందో చూడు: పరుగెత్తలేని చిన్నవాణ్ణి తరిమేయకుండా, పట్టుబడినా వాడు దొంగ కాడన్న ఒప్పందంతో ఆటలో ఉంచుకుంటారు. ఇది ఏ పంతులమ్మా నేర్పినది కాదు. కొన్ని నెలలు అరటిపండుగా తిరిగి, ఆట లోగుట్టు తెలిసిన రోజున, తానూ దొంగనవుతానని వాడే పోట్లాడి ఒప్పిస్తాడు. కాబట్టి కిందికి తీసుకెళ్ళు, కనుచూపు మేరలో కూర్చో, మావాణ్ణి కూడా ఆడించండని సిఫారసు చేయకు. గొడవ జరిగితే, ఎవరికైనా దెబ్బ తగిలేలా ఉంటే తప్ప లేవకు. మీ సెల్లార్‌లో కార్లు తిరుగుతాయి గనుక అక్కడ మాత్రం ఒక్క క్షణం కూడా వదలకు. పిల్లవాడు తనంతట తాను అంచనా వేయలేని ప్రమాదం అది. తక్కువ ఎత్తు కొమ్మ ఎక్కడం అటువంటిది కాదు, కాలు ఎక్కడ పెట్టాలో వాడు చూసుకోగలడు. మోకాలు గీసుకుపోతే కడిగి పంపించు.

శరీరం గురించి నీకు వేరే చెప్పనక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 3, 4 ఏళ్ళ పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు కదులుతూ ఉండాలి, అందులో 60 నిమిషాలు ఒగర్చేటంత జోరుగా సాగాలి, తెర ముందు గడిపే సమయం గంట దాటకూడదు. కళ్ళ విషయం మాత్రం చాలామందికి తెలియదు. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 ప్రాథమిక పాఠశాలలను ఎంచుకుని, కొన్నింటిలో ఒకటో తరగతి పిల్లలకు బడి ఉన్న రోజుల్లో 40 నిమిషాల ఆరుబయట పీరియడ్ అదనంగా పెట్టి మూడేళ్ళు గమనించారు. ఆ పీరియడ్ లేని బడుల్లో 39.5 శాతం మందికి కొత్తగా హ్రస్వదృష్టి, అంటే దూరంలోవి మసకగా కనిపించే లోపం, రాగా, ఉన్న బడుల్లో 30.4 శాతం మందికే వచ్చిందని 2015లో ప్రకటించారు. నీకూ మీ ఆయనకూ పదేళ్ళు దాటకముందే కళ్ళద్దాలు వచ్చాయి కాబట్టి ఈ లెక్కను కాస్త మనసులో పెట్టుకో.

కొనవలసినవి తక్కువే. ఖాళీ అట్టపెట్టెలు, పాత చీర, నాలుగు స్టీలు గిన్నెలు, ఒక బకెట్టు ఇసుక చాలు. అన్నీ చేసి చూపించే బ్యాటరీ బొమ్మతో పిల్లవాడికి చేయడానికి ఏమీ మిగలదు. చింతగింజలు, గవ్వలు ఇవ్వవచ్చు గాని, మీ ఆడపడుచు కూతురు పాకుకుంటూ వచ్చే రోజున ఎత్తి పెట్టెయ్యి, ఆ వయసులో ఏది దొరికినా నోట్లోకే వెళుతుంది. బోర్ కొడుతోందని వాడు అన్న వెంటనే ఫోన్ ఇవ్వకు, ఉపాయమూ చెప్పకు. ఓ పావుగంట గునిసి వాడే ఏదో ఒకటి మొదలుపెడతాడు. తన ఆటలోకి నిన్ను పిలిస్తే, ఇచ్చిన వేషం వేసుకో. ఇంజక్షన్ చేయించుకునే రోగివైతే ఏడువు. టీకా వేయించుకుని వచ్చిన పిల్లలు బొమ్మకు పదిసార్లు సూది పొడవడం నేను ఎన్నోసార్లు చూశాను. భయాన్ని అలా తమ చేతుల్లోకి తెచ్చుకుంటారు. హుషారుగా ఆడే పిల్లవాడు ఉన్నట్టుండి రోజుల తరబడి ఆట మానేసినా, ఈ వయసు వచ్చినా ఉత్తుత్తి ఆట అసలు ఆడకపోయినా, అప్పుడు పిల్లల వైద్యులకు చూపించాలి.

బడివాళ్ళు రాత పని ఎక్కువ ఇస్తున్నారన్నావు. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ళ వయసును పునాది దశగా పెట్టి, ఆ దశలో బోధన ఆటల మీదా కృత్యాల మీదా సాగాలని చెప్పింది. ఆ కాగితం చేతిలో పట్టుకుని గొడవకు వెళ్ళమనడం లేదు. పిల్లలు రోజూ ఎంతసేపు బయట ఆడుకుంటున్నారని నెమ్మదిగా అడుగు. తడుముకోకుండా జవాబిస్తే బడి మంచిదే.

దసరాకు మీ అన్నయ్య హైదరాబాదు వస్తున్నాడు. నీ చిన్నప్పటి ఏటికొప్పాక లక్కపిడతలు అటక మీద నుంచి తీయించి, తుడిచి, వాడి సంచిలో పెడుతున్నాను. పొయ్యి, బిందె, అట్లకాడ బాగానే ఉన్నాయి. రోలు ఉంది గాని పొత్రం లేదు. అది నువ్వు కాలువలో పడేసి ఇంటికొచ్చి రెండు రోజులు ఏడ్చావు. బాబు అడిగితే దేన్ని పొత్రం చేసుకుంటాడో వాణ్ణే చూసుకోనివ్వు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య