నామినీ ఉన్నాడు కదా, వీలునామా ఎందుకంటున్నారు మా వారు

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మా వారికి 66 ఏళ్ళు. మేముంటున్న ఇల్లు ఆయన సొంత సంపాదనతో కొన్నది, ఆయన పేరు మీదే ఉంది. బ్యాంకు డిపాజిట్లకు అబ్బాయిని నామినీగా పెట్టారు. తాతల నాటి ఉమ్మడి పొలంలోనూ వాటా ఉంది, పంపకాలు ఇంకా కాలేదు. అమ్మాయికి పెళ్ళయింది. మా అత్తగారు మాతోనే ఉంటారు. వీలునామా సంగతి ఎత్తితే "నామినీ ఉన్నాడుగా, బతికుండగానే చావు కబుర్లేంటి" అని కసురుకుంటారు. ఒక్కోసారి ఇల్లు ఇప్పుడే అబ్బాయి పేర రాసేస్తానంటారు. నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ నామినీ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఇంటింటా ఇదే పొరపాటు చూస్తున్నాను. బ్యాంకు డబ్బు ఎవరి చేతికివ్వాలో చెప్పేదే నామినేషన్. ఆ డబ్బు ఎవరిదో అది చెప్పదు. నామినీ డబ్బు తీసుకుని వారసులకు వాళ్ళ వాటాలు ఇవ్వాల్సిందే. షేర్ల విషయంలో కూడా నామినీ యజమాని కాడని సుప్రీంకోర్టు 2023లో తేల్చి చెప్పింది.

ఇక ఇల్లు. మీకు హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుందనుకుని చెబుతున్నాను. మీ వారు వీలునామా రాయకుండా పోతే 1956 నాటి ఆ చట్టం ప్రకారం భార్య, కొడుకు, కూతురు, తల్లి నలుగురికీ సమాన వాటాలు. అంటే మీ అత్తగారికి కూడా ఇంట్లో నాలుగో వంతు వస్తుంది. ఆ తర్వాత ఆవిడ కూడా వీలునామా లేకుండా వెళ్ళిపోతే ఆ నాలుగో వంతు మీ పిల్లలకే రాదు, ఆవిడ మిగతా కొడుకులూ కూతుళ్ళూ అందరూ అందులో హక్కుదారులవుతారు. మీ మరుదులు, ఆడపడుచులు మంచివాళ్ళే కావచ్చు, కానీ రేపు మీరు ఇల్లు అమ్మాలన్నా దాని మీద లోను తీసుకోవాలన్నా అందరి సంతకాలూ కావాలి, అందులో ఒకరు ఊళ్ళో లేకపోయినా, ఒకరికి మనసు బాగోలేకపోయినా పని అక్కడే ఆగిపోతుంది. మీ వారికి చావు కబుర్లు చెప్పకండి. ఓ కాగితం తీసుకుని ఇల్లు బొమ్మ గీసి, నాలుగు ముక్కలు చేసి, ఎవరి ముక్క ఎవరిదో రాసి చూపించండి.

ఉమ్మడి పొలంలో మీ అమ్మాయికీ అబ్బాయితో సమానంగా పుట్టుకతోనే హక్కుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళికాని ఆడపిల్లలకు ఈ హక్కు 1985 నుంచే ఇచ్చారు, 2005 సవరణతో పెళ్ళయిన వాళ్ళకూ దేశమంతటా వచ్చింది. కట్నం ఇచ్చేశాం కదా అనే మాట కోర్టులో చెల్లదు. మీ వారు పొలంలో తన వాటా వరకే వీలునామా రాయగలరు, పిల్లల వాటా రాయలేరు.

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించమనే అంటాను, రేపు సంతకం ఆయనది కాదనడం అంత తేలిక కాదు. సాక్షులు మాత్రం తప్పనిసరి. పోయినేడాది నా దగ్గరికి అన్నదమ్ములిద్దరు తండ్రి డైరీ పట్టుకుని వచ్చారు. నాలుగు పేజీల్లో ముత్యాల్లాంటి అక్షరాలు, ఇల్లు మొత్తం వాళ్ళ అమ్మకే అని, ఆఖరికి బీరువా ఎవరికో కూడా రాశారాయన. కింద సంతకం ఉంది, తేదీ ఉంది. సాక్షి సంతకం ఒక్కటీ లేదు. అంత ప్రేమగా రాసుకున్న మాట చట్టం లెక్కలో రాయనట్టే అయింది, చెబుతుంటే నాకే గొంతు పట్టేసింది. కాబట్టి కనీసం ఇద్దరు ఉండాలి, మీ వారు సంతకం పెడుతుంటే వాళ్ళు చూడాలి, ఆయన ఎదుటే వాళ్ళూ పెట్టాలి. ఆయన కన్నా చిన్నవాళ్ళనీ, ఆస్తి రానివాళ్ళనీ ఎంచుకోండి. ప్రతి పేజీ మీదా ఆయన సంతకం పెట్టించండి. కాగితం ఎక్కడ దాచారో మీకూ పిల్లలిద్దరికీ తెలియాలి.

ఇల్లు ఇప్పుడే అబ్బాయి పేర రాసేయడం మాత్రం వద్దు. వీలునామాను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, బతికుండగానే ఇలా రాసిచ్చే గిఫ్ట్ డీడ్ ఒకసారి రిజిస్టరైతే మనసు మారిందని వెనక్కి తీసుకోలేరు. తప్పదనుకుంటే, తల్లిదండ్రులను జీవితాంతం చూసుకోవాలనే షరతు దస్తావేజులోనే రాయించండి. షరతు తప్పితే 2007 నాటి వయోవృద్ధుల చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్ళి రద్దు చేయించుకునే దారి ఉంటుంది. వీలునామాలో ఇల్లు ముందు మీకు, మీ తర్వాత పిల్లలకు అని రాయిస్తే మిమ్మల్ని ఎవరూ కదపలేరు. మీ అత్తగారి పోషణకూ అందులో ఓ మాట రాయించండి.

ప్రశ్న: మా నాన్నగారు మొదట వీలునామా రిజిస్టర్ చేయించి, తర్వాత ఇంకోటి తెల్ల కాగితం మీద రాశారు. ఏది చెల్లుతుంది?

జవాబు: ఇద్దరు సాక్షులతో సరిగ్గా రాసి ఉంటే చివరిదే, రిజిస్టర్ కాకపోయినా సరే. ఆ సాక్షులు ఇప్పుడు ఎక్కడున్నారో ముందు కనుక్కోండి.