సామంత పట్టణమా, ఏలుబడి పట్టణమా?

సందేహం: ఇటలీలో 1351లో ఫ్లోరెన్సు నగరం ఆధీనంలోకి వచ్చిన ప్రాతో అనే ఊరిని నా వ్యాసంలో ‘సామంత పట్టణం’ అన్నాను. ఒక మిత్రుడు ‘ఉపగ్రహ పట్టణం’ అని దిద్దాడు. ఏది ఒప్పు?

సమాధానం: ముందు ఆ ఉపగ్రహాన్ని తీసేయండి. నేలమీది ఊళ్లను ఆకాశానికి ఎక్కించే అనువాదాలు ఈ మధ్య ఎక్కువయ్యాయి. మీరు ‘ఆధీనం’ అని పెట్టిన దీర్ఘమూ తీసేయండి; అధీనమే సరి.

‘సామంత’ సంగతి అంత తేలిక కాదు. సమంతం అంటే చుట్టూరా ఉన్నది. దానినుంచి పుట్టిన సామంతుడు తొలుత వట్టి పొరుగువాడు, ఎవరికీ తల వంచినవాడు కాడు. అశోకుడి రెండో శిలాశాసనం కాల్సి (ఉత్తరాఖండ్) ప్రతిలో యవనరాజు, అంటే గ్రీకు రాజు, అంతియోకుడి ‘సామంత’ రాజులంటే అతని పక్క రాజ్యాలవారే. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం మరీ ముచ్చటగా ఉంటుంది: పొలిమేర తగాదాలో సాక్షులు దొరకకపోతే సామంతులైన నాలుగు ఊళ్లవారు రాజు ఎదుట హద్దు తేల్చాలట. అక్కడ సామంతుడంటే పక్క ఊరి రైతు! తరవాతి శతాబ్దాల్లో ఆ పక్కవాడు కాస్తా కాళ్ల దగ్గరికి చేరాడు. కల్యాణి చాళుక్యుల కింద మన కాకతీయులూ కొంతకాలం అలా ఒదిగి ఉన్నవారే.

అయితే సామంతుడు మనిషి. అతనికి వంశం, సైన్యం ఉంటాయి. ప్రాతోకు అటువంటి ఏలిక ఎవరున్నారు? దానిమీది హక్కును నేపుల్స్ రాణి జొవాన్నా దగ్గర ఫ్లోరెన్సు 17,500 ఫ్లోరిన్లకు (బంగారు నాణేలకు) కొనుక్కుంది. సామంతుణ్ని లొంగదీస్తారు గాని బేరమాడి కొనరు కదా. అందుకే ‘ఏలుబడిలోని పట్టణం’ అంటే నాకు హాయిగా వినిపిస్తుంది.

నగరం చుట్టూ ఉన్న పల్లెసీమను ఫ్లోరెన్సువాళ్లు ‘కొంతాదో’ అన్నారు. మన ‘జనపదం’ దానికి దగ్గర. కాకపోతే జానపదం అనగానే పాట తప్ప ఇంకేమీ తోచని ఈ రోజుల్లో ఒక వాక్యం వివరణ తప్పదు.

అలాగని మీ మాటను పూర్తిగా కొట్టేయలేను. ఏటా జూన్ 24న, యోహాను పండుగనాడు, ఏలుబడి ఊళ్లవారు రంగులద్దిన మైనపు వత్తులు మోసుకొచ్చి ఫ్లోరెన్సు బాప్తిస్మ మందిరంలో సమర్పించుకునేవారు. అది అచ్చంగా కప్పమే. ఆ ఘట్టం వరకు ‘సామంత’ అని రాసుకోండి, నేను అడ్డురాను.